జాబితా నుండి ట్రైకి, ట్రై నుండి జాబితాకు: ఒక గ్రంథభాగముపై విమర్శ

నిఘంటువులో ‘కలము’ అను మాటను వెదకువాడు మొదటి పుటనుండి ఒక్కొక్క మాటను చదువుకొనుచు పోడు. ముందు ‘క’ ఉన్నచోటికి పోవును. అందులో ‘కల’ ఉన్నచోటికి పోవును. పిదప ‘కలము’ను చేరును. చదివిన ప్రతి అక్షరమును వెదకవలసిన చోటును తగ్గించుచుండును. కంప్యూటరులో పదములను ఈ విధముగనే అమర్చు నిర్మాణమునకు ‘ట్రై’ అని పేరు. ఈ ఊహ 1959లో రెనే ద లా బ్రియాండే వ్యాసమున కనిపించినది. 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్‌కిన్ దానికి పేరు పెట్టెను. వెదకి తెచ్చుట అను అర్థముగల ‘రిట్రీవల్’ అను ఇంగ్లీషు మాట నడుమనుండి తీసిన ముక్కయే ఆ పేరు.

ట్రై ఎంత గొప్పదైనను, దానిలోనికి పోవు సమాచారము మొదట జాబితాగానే చేతికి వచ్చును. చివరకు మనుష్యులు చదువుకొనుటకు మరల జాబితాగానే బయటికి రావలెను. కావున జాబితాను ట్రైగా మార్చుట, ట్రైని జాబితాగా మార్చుట అను రెండు పనులు తప్పవు. ఈ రెండును ఒకదానికొకటి తిరుగుప్రయాణములని, అందు విశేషమేమియు లేదని పాఠ్యగ్రంథములు సాధారణముగా దాటిపోవును. అట్లు దాటిపోవుట ఎంతవరకు తగునో ఒక ప్రసిద్ధగ్రంథమును ఎదుట పెట్టుకొని పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశ్యము.

ఆ గ్రంథము క్రిస్ ఒకసాకి వ్రాసిన ‘ప్యూర్లీ ఫంక్షనల్ డేటా స్ట్రక్చర్స్’. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1996లో సమర్పించిన పరిశోధనవ్యాసమును పెంపొందించి 1998లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా ప్రకటించినాడు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చువారికి నేటికిని ఇది ఆధారగ్రంథము.

ఫంక్షనల్ పద్ధతి యనగా నేమి?

సామాన్యమైన ప్రోగ్రామింగులో కంప్యూటరు జ్ఞాపకమును నల్లబల్లవలె వాడుకొందురు. వ్రాసినదానిని తుడిచి, అచ్చటనే క్రొత్తది వ్రాయుదురు. ఫంక్షనల్ పద్ధతిలో తుడుపుగుడ్డకు చోటు లేదు. గణితములో 5కు 2 కలిపినచో 7 వచ్చును గాని 5 చెరిగిపోదు కదా! అట్లే ఇచ్చట ఒక పట్టికకు క్రొత్త పదమును చేర్చినచో క్రొత్త పట్టిక పుట్టును. పాతది పాతదిగనే నిలిచియుండును. ప్రతి పనియు ఒక ప్రమేయము: విలువను పుచ్చుకొని విలువను ఇచ్చును.

మరి పట్టికనంతను ప్రతిసారి తిరిగి వ్రాయవలెనా? అక్కరలేదు. ఒక చిన్న ఉదాహరణము చూడుడు. కల, కలప, కలము, కవి, కళ అను అయిదు మాటల జాబితా కలదు. విడివిడిగా లెక్కించినచో ఇందులో 12 అక్షరములు ఉన్నవి. వీనిని ట్రైగా అమర్చినచో వేరునుండి ‘క’ అను కొమ్మ ఒక్కటే బయలుదేరును. దాని చివరి కణుపునుండి ‘ల’, ‘వి’, ‘ళ’ అను మూడు కొమ్మలు, ‘ల’ కణుపునుండి ‘ప’, ‘ము’ అను రెండు కొమ్మలు చీలును. మొత్తము కొమ్మలు 6. వేరుతో కలిపి కణుపులు 7. ‘కల’ అను మాట ‘ల’ కణుపువద్దనే ముగియును గనుక, ‘ఇచ్చట ఒక మాట పూర్తియైనది’ అను గుర్తు ఆ కణుపులో ఉండవలెను.

ఇప్పుడు ‘కలత’ అను మాటను చేర్చుదము. వేరు, ‘క’, ‘ల’ అను మూడు కణుపులకు క్రొత్త నకళ్లు తీయవలెను. ‘త’ అను కణుపును క్రొత్తగా చేయవలెను. అంతియే. ‘ప’, ‘ము’, ‘వి’, ‘ళ’ కణుపులను పాత ట్రైయు క్రొత్త ట్రైయు పంచుకొనును. పాత ట్రైలో అయిదు మాటలే ఉండును. క్రొత్తదానిలో ఆరు ఉండును. మాటలో మూడు అక్షరములున్నచో నాలుగు కణుపులు చేయవలెను. పట్టికలో అయిదు మాటలున్నను లక్ష మాటలున్నను ఈ నాలుగు పెరుగదు.

గ్రంథము చెప్పినది

ఒకసాకి ట్రై విషయమును పదవ అధ్యాయములో, చిన్న నిర్మాణములనుండి పెద్ద నిర్మాణములను కట్టు ఉపాయములలో నొకటిగా, ప్రవేశపెట్టినాడు. పట్టికకు మూడు పనులు వచ్చిన చాలునని ఆయన నియమము. ఒకటి, ఖాళీ పట్టికను ఇచ్చుట. రెండు, ఒక పదమునకు ఒక విలువను ముడిపెట్టుట. మూడు, పదము చెప్పగా విలువను చూపుట. గ్రంథములో వీనికి వరుసగా ఎంప్టీ, బైండ్, లుకప్ అని పేర్లు.

ఒక్కొక్క అక్షరమును వెదకగల చిన్న పట్టిక మన చేతిలో నున్నదనుకొందము. ట్రైలోని ప్రతి కణుపునందు ఆ చిన్న పట్టికను ఒకదానిని ఉంచినచో, అక్షరముల వరుసలను, అనగా పూర్తి మాటలను, వెదకగల పెద్ద పట్టిక సిద్ధమగును. చిన్న పట్టిక ఎట్టిదైనను సరే, ఆ మూడు పనులు చేయగలిగిన చాలును. బైండ్, లుకప్ ఒక్కొక్కటి కొద్ది పంక్తులలోనే ముగిసినవి. మాట ముగిసినచో ఈ కణుపునందే పని. ముగియనిచో మొదటి అక్షరము చూపిన కొమ్మవెంట పోయి, మిగిలిన అక్షరములతో అదే పని. ప్రమేయము తన్ను తానే పిలుచుకొనుచు కొమ్మ చివరకు దిగును. ఇంత తక్కువ మాటలలో ఇంత శక్తిగల నిర్మాణమును చూపిన పుటలు ఈ శాస్త్రమున అరుదు. మాటలనే గాక వృక్షములను సైతము కీలుగా వాడుకొనగల ట్రైల వరకు ఇదే భాగములో విషయము సాగినది. ఈ ప్రశంసలో సందేహము లేదు.

తలుపు ఒకవైపే తెరచుకొనినది

అయితే గ్రంథకర్త అడిగిన మూడు పనులను మరల చూడుడు. ఖాళీ పట్టికతో మొదలిడి, జాబితాలోని ఒక్కొక్క మాటను బైండ్‌తో చేర్చుచు పోయినచో జాబితా ట్రై యగును. లోపలికి త్రోవ ఉన్నది. బయటికి త్రోవ ఎక్కడ?

ట్రైని జాబితాగా మార్చవలెనన్న ప్రతి కణుపువద్దను ‘ఇచ్చటనుండి ఏయే కొమ్మలు బయలుదేరినవి?’ అని అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది కణుపులోని చిన్న పట్టిక. దానికి తెలిసినవి మూడు పనులే. ‘త ఉన్నదా?’ అని అడిగినచో చెప్పగలదు. ‘నీలో ఏమేమి ఉన్నవి?’ అని అడిగినచో చెప్పలేదు. కావున తిరుగుప్రయాణము వ్రాయుట మరచిపోయినదని మాత్రమే అనుటకు వీలులేదు. ఆ నియమములతో దానిని వ్రాయుటయే సాధ్యము కాదు. అక్షరమాల అంతయు ముందుగా తెలిసినచో ప్రతి అక్షరమును పేరుపెట్టి అడుగవచ్చును గాని, గ్రంథములోని నిర్మాణము అక్షరములు ఏవో తెలియకయే పనిచేయవలెనని ఉద్దేశింపబడినది.

గ్రంథకర్త పక్షమున చెప్పదగిన సమాధానము లేకపోలేదు. ఆ అధ్యాయము లక్ష్యము చిన్నదానినుండి పెద్దదానిని కట్టుట. దానికి మూడు పనులు చాలును. అదనపు పనులు చేర్చినచో ముఖ్యవిషయము మరుగున పడవచ్చును. ఇది న్యాయమే. కాని చదువరి దీనిని ట్రైకి సంపూర్ణ నిర్వచనముగా గ్రహించును. మూడు పనులకు బదులు నాలుగు అడిగి, నాలుగవదిగా ‘ఉన్నవన్నియు వరుసగా ఇమ్ము’ అని చేర్చినచో, చిన్న పట్టిక తన జాబితాను ఇచ్చును. దానినుండి పెద్ద పట్టిక తన జాబితాను కట్టుకొనును. కట్టుబడి సూత్రము ఇచ్చటను చక్కగా అమరును. ఈ ఒక్క పంక్తి లేకపోవుటచేత మూడు ముఖ్యవిషయములు చర్చకు రాకుండ పోయినవి.

పోయిన రమ

మొదటి విషయము ఒకే పేరు రెండుసార్లు వచ్చుట. ఒక తరగతి మార్కుల జాబితా ఇట్లున్నదనుకొందము: రమ 62, సీత 71, రమ 48. తరగతిలో రమలు ఇద్దరు. జాబితాకు ఇందు బాధ లేదు. మూడు పంక్తులు మూడు పంక్తులుగనే ఉండును. దీనిని ట్రైగా మార్చుడు. మొదట రమకు 62 ముడిపడును. మూడవ పంక్తి వచ్చునప్పటికి ‘ర’, ‘మ’ అను కొమ్మలవెంట పోయి అదే కణుపును చేరుదుము. గ్రంథములోని బైండ్ ఆ కణుపులో ముందున్న విలువ ఏదో చూడనే చూడదు; క్రొత్త విలువను ఉంచును. ట్రైని మరల జాబితాగా చేసినచో రమ 48, సీత 71 అని రెండు పంక్తులే వచ్చును. ఒక విద్యార్థిని మార్కులు ఏ హెచ్చరికయు లేక మాయమైనవి.

ఇంతకంటె చిత్రము మరొకటి. జాబితాను ఎడమనుండి కుడికి మడచుట, కుడినుండి ఎడమకు మడచుట అని ఫంక్షనల్ పద్ధతిలో రెండు విధములు కలవు. సంఖ్యలను కూడునప్పుడు రెండును ఒకే ఫలితము ఇచ్చును. ఇచ్చట మొదటి విధమున రమకు 48 మిగులును. రెండవ విధమున 62 మిగులును. మాటలన్నియు వేరువేరైనప్పుడు మాత్రమే ఈ రెండు మార్పిడులు సమానములు. నేడు హాస్కెల్ భాషలోని పట్టికల గ్రంథాలయమున జాబితానుండి పట్టిక చేయు ప్రమేయమునకు, ఒకే కీ మరల వచ్చినచో చివరి విలువయే నిలుచునని స్పష్టముగా వ్రాసియున్నారు. రెండు విలువలను కలుపు విధమును వాడుకరియే చెప్పగల మరియొక ప్రమేయమును గూడ ఇచ్చినారు. మార్కుల విషయమున ఆ రెండవదే మేలు: ఇద్దరి మార్కులను చిన్న జాబితాగా ఒకే కణుపులో ఉంచవచ్చును.

వరుస ఎక్కడనుండి వచ్చును?

రెండవ విషయము వరుస. ట్రైనుండి మాటలు నిఘంటువు క్రమముననే వచ్చునని తరచుగా వినబడు మాట. ఇది సగము సత్యము. కణుపువద్ద ముగిసిన మాటను ముందు చెప్పి, కొమ్మలను పిదప చూచినచో ‘కల’ ముందును ‘కలప’ వెనుకను వచ్చును; తలక్రిందులుగా చేసినచో పెద్దమాట ముందు వచ్చును. ఇది మనము ఎంచుకొనునది. ఇక కొమ్మలలో ఏది ముందన్నది కణుపులోని చిన్న పట్టిక నిర్ణయించును, ట్రై కాదు.

తెలుగుమాటలతో చూచినచో ఇది వెంటనే బయటపడును. బడిలో వల్లెవేయు వర్ణమాలలో ల, వ, శ, ష, స, హ, ళ అని వరుస. కంప్యూటరులు వాడు యూనికోడ్ సంకేతసంఖ్యలలో ‘ల’ వెనువెంటనే ‘ళ’ ఉన్నది. ‘వ’ దాని తరువాతనే వచ్చును. సంకేతసంఖ్యలనుబట్టి కొమ్మలను అమర్చిన ట్రైనుండి పైయుదాహరణపు మాటలు కల, కలప, కలము, కళ, కవి అని వచ్చును. పిల్లలు నేర్చిన వర్ణమాల ప్రకారము ‘కవి’ ముందు, ‘కళ’ వెనుక రావలెను.

అంతేకాదు, పైన ‘ము’ను ఒక కొమ్మగా లెక్కించితిమి. యూనికోడులో అది ‘మ’ అను హల్లు, కొమ్ము అను రెండు సంకేతములు. ‘క్ష’కు మూడు సంకేతములు. మాటను అక్షరముల జాబితాగా విడదీయుటయే మొదటి మార్పిడి. అది ఎట్లు జరిగినదన్నదానిని బట్టి ట్రై ఆకారము మారును. సంకేతములవారీగా విడదీసినచో ‘కలమ’తో మొదలగు మాటలను అడిగినప్పుడు ‘కలము’ గూడ వచ్చును. అక్షరములవారీగా విడదీసినచో రాదు.

ఈ చిక్కు తెలుగుకు మాత్రమే పరిమితము కాదు. 1998లోనే ఒకసాకి, ఆండీ గిల్ అను మరొక శాస్త్రజ్ఞునితో కలిసి, పూర్ణసంఖ్యలను కీలుగా గల ఒక విధమైన ట్రైని గూర్చి వ్యాసము వ్రాసెను. హాస్కెల్‌లోని ‘ఇంట్‌మ్యాప్’ దానిపై ఆధారపడినదే. ఇందు సంఖ్యయొక్క ద్విసంఖ్యామాన అంకెలే, అనగా 0, 1 లే, కొమ్మలు. కంప్యూటరులో ఋణసంఖ్యల మొదటి అంకె 1, ధనసంఖ్యలకు 0. 0 కొమ్మను ముందు, 1 కొమ్మను వెనుక చూచుచు పోయినచో ఋణసంఖ్యలు ధనసంఖ్యల తరువాత వచ్చును. కావున జాబితా చేయునప్పుడు ఆ మొట్టమొదటి చీలికవద్ద మాత్రము 1 కొమ్మను ముందు చూడవలెనని ప్రత్యేకముగా వ్రాయవలసివచ్చినది. వరుస ఉచితముగా వచ్చునది కాదనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము వలదు.

ఎండిన కొమ్మలు

మూడవ విషయము తీసివేత. గ్రంథమడిగిన మూడు పనులలో ఇదియు లేదు. మొదటి ట్రైనుండి ‘కలప’ను తీసివేయవలెను. సులభమైన ఉపాయము: ‘ప’ కణుపులోని విలువను ఎత్తివేయుట. ఇక ‘కలప’ను వెదకినచో లేదనియే జవాబు వచ్చును. కాని ఏ మాటకును చేర్చని ‘ప’ కొమ్మ చెట్టునకు ఎండి వ్రేలాడుచుండును. అట్లే అన్ని మాటలను తీసివేసినచో, ఒక్క మాటయు లేని, ఏడు కణుపుల చెట్టు మిగులును. అది ఖాళీ పట్టికయేనా అని కణుపులను పోల్చి చూచినచో కాదని తేలును; జాబితాగా మార్చిచూచినచో ఔనని తేలును.

ఒకే జాబితానిచ్చు రెండు వేరు ఆకారముల ట్రైలు ఉండవచ్చునన్నమాట. ఇట్టి ట్రైని జాబితాగా మార్చి, ఆ జాబితానుండి మరల ట్రై కట్టినచో ఎండిన కొమ్మలు రాలిపోవును. తీసివేయునప్పుడే ఖాళీయైన కొమ్మను నరుకుచు పైకి వచ్చుట ఇంకను మంచిది. ఏది చేసినను, ముందుగా ‘శుభ్రమైన ట్రై’ యనగా నేమో నిర్వచింపవలెను.

ఖర్చును గూర్చి ఒక మాట. ‘కలము’ అను మాట ట్రైలో ఏ కణుపునందును పూర్తిగా వ్రాసి యుండదు. వేరునుండి నడచివచ్చిన త్రోవయే ఆ మాట. జాబితా చేయునప్పుడు ప్రతిమాటను అక్షరము అక్షరముగా కూర్చవలెను. జాబితాలోని మొత్తము అక్షరములంత పని తప్పదు. కాని ప్రతి కణుపువద్దను కొమ్మల జాబితాలను ఒకదానికొకటి అతికించుచు పోయినచో అదనపు ఖర్చు పడును. రెండు జాబితాలను అతికించుటకు మొదటిదానిని పూర్తిగా నకలు తీయవలెనని గ్రంథము రెండవ అధ్యాయముననే బొమ్మతో చూపినది. ఆ పాఠమును ఇచ్చట వర్తింపజేసినచో, పదియక్షరముల మాటకు సంబంధించిన పంక్తి పదిసార్లు నకలు కావచ్చునని తెలియును. చివరి కొమ్మనుండి మొదటి కొమ్మకు నడచుచు, దొరికిన మాటను ఒకే పోగు ముందు చేర్చుచు వచ్చినచో ఈ అతుకులపని ఉండదు.

ముగింపు

పై చర్చవలన తేలిన విషయములు ఇవి. జాబితానుండి ట్రైకి పోయి మరల జాబితాకు వచ్చినచో మొదటి జాబితా రాదు. ఒక్కొక్క మాట ఒక్కసారి మాత్రమే ఉండి, కొమ్మల క్రమమున అమరిన జాబితా వచ్చును. ట్రైనుండి జాబితాకు పోయి మరల ట్రైకి వచ్చినచో అదే ట్రై వచ్చును, అది ముందే శుభ్రమైనదైనచో. రెండు ప్రయాణములలోను దారిలో పోవునవి వేరు: మొదటిదానిలో జాబితా మొదటి వరుసయు, మరల వచ్చిన మాటలును, రెండవదానిలో ఎండిన కొమ్మలు. సమాచారమునకు ఆకారము మార్చు ప్రమేయము ఏమి నిలుపునో, ఏమి పోగొట్టునో చెప్పనిచో దాని నిర్వచనము సగమే యైనట్లు.

ఈ లోపమువలన ఒకసాకి గ్రంథము విలువ తగ్గదు. ఆయన నిర్మాణము పటిష్ఠము గనుకనే ఒక్క పని చేర్చినంతనే తిరుగుత్రోవ ఏర్పడుచున్నది. అయితే ఆ భాగమును బోధించు ఉపాధ్యాయుడు నాలుగవ పనిని తానే చేర్చి చెప్పుట అవసరము. దానికి కంప్యూటరు లేకపోయినను బాధలేదు. తరగతి హాజరుపట్టీనుండి పది పేర్లు, అందు ఒకటి రెండుసార్లు వచ్చునట్లు, తీసికొని నల్లబల్లపై చెట్టుగా గీయించి, ఒక పేరును తీసివేయించి, మరల జాబితాగా వ్రాయించిన చాలును. రెండు జాబితాలను ప్రక్కప్రక్కన ఉంచి తేడాలకు కారణములను విద్యార్థులచేతనే చెప్పించినచో, గ్రంథము విడిచిన భాగమును వారే పూర్తిచేసినవారగుదురు.